జాన్ ఎరిక్సన్

2025 వ సంవత్సరము జూన్ 18 వ తేదీన విశాఖపట్టణములో ‘అర్నాలా’ అను క్రొత్త యుద్ధనౌక భారత నౌకాదళమున చేర్చబడెను. మహారాష్ట్రమున వసయి చెంత సముద్రములోనున్న దీవికోట పేరే దాని పేరు. ఈ నౌక మహాసముద్రములు దాటి పోరాడుటకు కట్టబడినది కాదు. తీరమునకు సమీపమున, లోతు తక్కువయైన నీటిలో, శత్రువుల జలాంతర్గాములను వెదకి పట్టుటకు కట్టబడినది. పొడవు 77 మీటర్లకు కొంచెము మించును. పెద్దదానిని కట్టజాలక చిన్నదానిని కట్టిరని యెవరును తలపరాదు. తీరపు నీరు వేఱు, నడిసముద్రపు నీరు వేఱు. ఈ సంగతి మన బెస్తవారికి పుస్తకములు చదువకయే తెలియును. తెప్పను ఇసుకమీదికి లాగుకొనవచ్చును. పూర్వము కాకినాడకు వచ్చిన పెద్ద స్టీమరులో, తీరమునకు మైళ్ల దూరముననే లంగరు వేసి నిలువవలసివచ్చెడివి. లోతునీటి యోడ తీరమును చేరలేదు. తీరపు ఓడ నడిసముద్రపు తుపానునకు ఓర్వలేదు.

ఈ భేదమును గట్టిగా మనస్సున బెట్టుకొని, ఆవిరియంత్రపు యుగమున తీరయుద్ధమునకని యొక విచిత్రమైన నౌకను కట్టి ప్రఖ్యాతినొందినవాడు జాన్ ఎరిక్సన్. అతని నౌక పేరు ‘మానిటరు’. ఆ నౌక పది నెలలు మాత్రమే నీటిపై తిరిగెను. దానిని కట్టినవాని జీవితము ఎనుబదియైదు సంవత్సరములు సాగెను. ఆ జీవితములో నెక్కువ భాగము ఇతరులు వలదన్న పనులతోనే గడచెను.

ఎరిక్సన్ స్వీడన్ దేశమున వెర్మ్‌లాండు మండలములో లాంగ్బాన్స్‌హిత్తన్ అను గనుల గ్రామమున 1803 వ సంవత్సరము జూలై 31 వ తేదీన జన్మించెను. తండ్రి ఓలోఫ్ ఎరిక్సన్ గనులమీద పర్యవేక్షకుడు. తల్లి పేరు బ్రిట్టా సోఫియా. అన్నయైన నిల్స్ జాన్ కంటె ఒక యేడు పెద్ద. తండ్రి వ్యాపారమున ధనము పోగొట్టుకొనగా, 1810 లో కుటుంబమంతయు ఫోర్స్‌విక్ అను చోటికి తరలిపోయెను. అచ్చట యోతా కాలువ త్రవ్వబడుచుండెను. రాళ్లను మందుపెట్టి ప్రేల్చు పనులమీద అధికారిగా ఓలోఫ్ నియమింపబడెను. వందలకొలది మనుష్యులు త్రవ్వుచు, మోయుచు, తలుపులు బిగించుచు నున్న ఆ కాలువగట్టే బాలురిరువురికిని మొదటి పాఠశాల యయ్యెను.

పటములు గీయుటయందు జాన్‌కు మిక్కిలి ఆసక్తి. పనిముట్లు కొనుటకు డబ్బు లేదు. అందుచేత బర్చికొయ్యను చెక్కి, కొనలకు సూదులు గ్రుచ్చి, వృత్తలేఖినిని తానే చేసికొనెను. రంగులు పూయుటకు కుంచె కావలసివచ్చినపుడు తల్లి చలియంగీకి కుట్టియున్న బొచ్చులోని వెండ్రుకలను పీకి కుంచెలు కట్టుకొనెను. తల్లి యేమనెనో చరిత్రకారులు వ్రాయలేదు. మన యిండ్లలోనైనచో ఏమి జరిగియుండునో చదువరులే యూహింపగలరు. గడియారపు తీగచుట్టను ఆకురాతితో అరగదీసి ఱంపముగాను, విఱిగిన తగరపు చెంచాను కరగించి యిరుసువంకగాను మార్చి, నీటివాలున తిరుగు చిన్న కోతమిల్లు నమూనా నొకదానిని గూడ చేసెను. కాలువ పనులకు పెద్దయైన ప్లాటెన్ ప్రభువు ఈ బాలుని నేర్పును కనిపెట్టి, అన్నదమ్ములను కాలువపనిలో శిక్షణార్థులుగా చేర్చుకొనెను. పదునాలుగవ యేటికే జాన్ తానుగా భూమి కొలుచు పనిని చేయుచుండెను. సర్వే యంత్రము ఎత్తుగా నుండుటచే అతని కన్ను దానికి అందెడిది కాదు. సహాయకుడొకడు పీటను మోసికొనుచు వెంట నడచెడివాడు. ఆ పీటమీద నిలిచి బాలుడు లెక్కలు వ్రాసికొనెడివాడు.

పదునేడవ యేట అతడు స్వీడన్ సైన్యమున చేరి, ఉత్తరపు మంచుప్రదేశమైన యెమ్ట్‌లాండులో సర్వే పనులు చేసెను. తీఱికవేళలలో ఒక యంత్రము కల్పించెను. నీటిని కాచి ఆవిరిని పుట్టించుటకు బదులు, మంటనుండి లేచు వేడిగాలిచేతనే అది నడచుచుండెను. స్వదేశపు బర్చికట్టెల మంటతో అది బాగుగా పనిచేసినది. దానిని ప్రపంచమునకు చూపవలెనని 1826 లో అతడు ఇంగ్లండునకు పోయెను. అచ్చట కట్టెలు లేవు, బొగ్గు కలదు. బొగ్గుమంటతో ఆ యంత్రము పనిచేయలేదు. తన జీవితమునకు ఆధారమగునని తలచిన వస్తువు పరదేశమున పనికిమాలినదైనను అతడు స్వదేశమునకు మరలిపోలేదు. జాన్ బ్రెయిత్‌వైట్ అను యంత్రకారునితో కలిసి పనిచేయ నారంభించెను.

1829 అక్టోబరులో లివర్‌పూలు సమీపమున రెయిన్‌హిల్ అనుచోట రైలుయంత్రములకు పందెము జరిగెను. గెలిచినవారికి 500 పౌనులు బహుమానము. ఎరిక్సన్, బ్రెయిత్‌వైట్‌లు కొలది వారములలోనే ‘నావెల్టీ’ అను యంత్రమును కట్టి తెచ్చిరి. అది తేలికయైనది, చూడ ముచ్చటయైనది. గంటకు సుమారు 28 మైళ్ల వేగమున అది పరుగెత్తగా జనులు హర్షధ్వానములు చేసిరి. కాని తొందరలో కట్టిన బాయిలరు అతుకులు వీడెను, గొట్టములు పగిలెను. పరుగు ముగింపలేక అది పందెమునుండి తొలగవలసివచ్చెను. స్టీఫెన్‌సను గారి ‘రాకెట్టు’ గెలిచినది. ఈ పందెమును గూర్చి మన పాఠ్యపుస్తకములలో స్టీఫెన్‌సను పేరే యుండును, ఓడినవాని పేరుండదు. ఆ దినములలోనే వారు మంటలార్పుటకు ఆవిరిచే నడచు నీటియంత్రమును గూడ చేసిరి. లండను నగరపు అగ్నిమాపకులు దానిని అంగీకరింపలేదు. క్రొత్త క్రొత్త కల్పనలకు ఖర్చు పెరిగి, ఆదాయము తఱిగి, ఎరిక్సన్ అప్పులవారి చెఱసాలలో కొంతకాలముండవలసినవాడయ్యెను.

తరువాతి కల్పన ప్రొపెల్లరు. ఆ కాలపు పొగయోడలకు రెండు ప్రక్కలను పెద్ద తెడ్డుచక్రము లుండెడివి. యుద్ధములో ఒక్క గుండు తగిలినచో చక్రము విఱిగి ఓడ నిలిచిపోవును. చక్రమును ఓడ వెనుక, నీటిలోపల, మరవలె మెలికలు తిరిగిన రెక్కలతో అమర్చినచో గుండునకు అందదని ఎరిక్సన్ ఆలోచించి, 1836 లో దానికి హక్కుపత్రము పొందెను. అదే సంవత్సరమున ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను ఆంగ్లేయుడు ఇట్టిదానికే కొన్ని వారములు ముందుగా హక్కు పొందియుండెను గనుక, ఈ కీర్తి యంతయు ఎరిక్సన్‌దే యనుట న్యాయము కాదు. 1837 లో అతడు తన చిన్న పడవతో నౌకాధికారుల పడవను థేమ్సు నదిపై గంటకు సుమారు పది మైళ్ల వేగమున లాగి చూపెను. అధికారులు సుఖముగా కూర్చుండి ప్రయాణము చేసిరి. దిగిన పిమ్మట ఇది పనికిరాదని నిర్ణయించిరి. వెనుకనుండి త్రోయబడు ఓడ చుక్కానికి లోబడదని వారిలో ఓడల నిర్మాణమునకు పెద్దయైనవాని విశ్వాసము. ఆ దినమున చుక్కానికి లోబడిన పడవ వారి కన్నులయెదుటనే యుండెను.

అమెరికా నౌకాధికారియైన కెప్టెన్ స్టాక్‌టన్ మాత్రము ఈ కల్పనను మెచ్చుకొనెను. అతని ప్రోత్సాహమున ఎరిక్సన్ 1839 లో న్యూయార్కు నగరమునకు తరలిపోయెను. 1836 లోనే అతడు అమీలియా బయామ్ అను ఆంగ్లకన్యను వివాహమాడియుండెను. ఆమె అమెరికాకు వచ్చెను గాని, పటములబల్లను విడువని భర్తతో కాపురము సాగక ఇంగ్లండునకు మరలిపోయెను. అతడు ఆమెకు ఖర్చులకు సొమ్ము పంపుచుండెను. 1867 లో ఆమె మరణించువఱకు వారు మరల కలిసి బ్రదుకలేదు.

స్టాక్‌టన్‌కొఱకు ఎరిక్సన్ ‘ప్రిన్స్‌టన్’ అను యుద్ధనౌకను రూపొందించెను. అది 1843 లో నీటిలోనికి దిగినది. యంత్రములన్నియు నీటిమట్టమునకు క్రిందుగానుండి, ప్రొపెల్లరుతో నడచిన మొదటి అమెరికా యుద్ధనౌక అదియే. దానిపై రెండు పెద్ద ఫిరంగులుండెను. ఒకటి ఎరిక్సన్ ఏర్పఱచినది. దాని మొదలున ఇనుపకట్లు బిగింపబడియుండెను. రెండవది స్టాక్‌టన్ చేయించినది. చూడ మొదటిదానివంటిదే గాని యంతటి కట్టుదిట్టము లేనిది. 1844 ఫిబ్రవరి 28 వ తేదీన పోటోమాక్ నదిపై అధ్యక్షుడు టైలరును, మంత్రులును, వారి కుటుంబములవారును ఆ నౌకపై విహారము చేయుచుండగా, రెండవ ఫిరంగి ప్రేలి ముక్కలయ్యెను. ఇద్దఱు మంత్రులు, అధ్యక్షుని బానిససేవకుడొకడు, మఱి ముగ్గురు మరణించిరి. అధ్యక్షుడు ఆ క్షణమున క్రిందిగదిలో నుండుటచే బ్రదికెను. అంతవఱకు నౌకయొక్క కీర్తిని తనదిగా చెప్పుకొనిన స్టాక్‌టన్, ఇపుడు నిందలో భాగమును ఎరిక్సన్‌పైకి త్రోయజూచెను. ఎరిక్సన్‌కు రావలసిన ప్రతిఫలమునకు గూడ అడ్డుపడెను. ఆ సొమ్ము ఎన్నటికిని చేతికి రాలేదు. వాషింగ్టను నౌకాశాఖ గుమ్మము మరల త్రొక్కరాదని ఎరిక్సన్ ఆనాడే మనస్సున గట్టి చేసికొనెను. ఈ ప్రేలుడు సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. పదునెనిమిది సంవత్సరముల తరువాత ఇది మరల మన కథలోనికి వచ్చును.

నడుమనున్న కాలమును క్లుప్తముగా చెప్పెదను. 1848 లో అతడు అమెరికా పౌరుడయ్యెను. వేడిగాలితో నడచు యంత్రమును విడువక, పదునాలుగడుగుల వ్యాసముగల సిలిండర్లతో పెద్దయోడ నొకదానిని 1853 లో నడపెను. అది నడచెను గాని వేగము చాలకపోయెను. మఱుసటి యేట తుపానులో మునిగి, పైకి తీయబడి, సామాన్యపు ఆవిరియోడగా మార్చబడెను. అయితే అదే సూత్రముమీద చేసిన చిన్న యంత్రములు మాత్రము వేలకొలది అమ్ముడుపోయి అతనికి జీవనాధారమయ్యెను. 1854 లో ఇనుపకవచమును, గుండ్రని బురుజును గల యుద్ధనౌక పటములను ఫ్రాన్సు చక్రవర్తియైన మూడవ నెపోలియనునకు పంపెను. చక్రవర్తి మర్యాదగా జాబు వ్రాయించి, పతకమును పంపి, నౌకను మాత్రము కట్టింపలేదు. ఆ నమూనాను ఎరిక్సన్ పెట్టెలో పెట్టి మూసెను. ఏడేండ్లు దానిపై దుమ్ము పేరుకొనెను.

1861 లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలయ్యెను. బానిసత్వమును నిలుపుకొనగోరిన దక్షిణ రాష్ట్రములు వేఱుపడి, ఏప్రిలులో నార్‌ఫోకు నౌకాశాలను పట్టుకొనెను. ఉత్తరమువారు విడిచిపోవుచు కాల్చి ముంచిన ‘మెరిమాక్’ అను నౌకను దక్షిణమువారు పైకి లేపి, వాలుగోడల యిల్లువంటి దానిని దానిపై కట్టి, ఇనుపరేకులు తొడిగి, ‘వర్జీనియా’ అను పేరుపెట్ట నారంభించిరి. ఈ వార్త వాషింగ్టనున గుండెదడ పుట్టించెను. ఇనుపనౌకలను కట్టించుటకై ప్రభుత్వము ముగ్గురు నౌకాధికారుల సంఘము నేర్పఱచెను.

బుష్నెల్ అను వర్తకుడు తాను కట్టదలచిన వేఱొక నౌక పటములు సరిగా నున్నవో లేవో తెలిసికొనుటకై ఎరిక్సన్ ఇంటికి వచ్చెను. ఎరిక్సన్ లెక్కవేసి అవి సరియేయని చెప్పి, పిమ్మట తన దుమ్ముపట్టిన పెట్టెను తెచ్చి తెఱచెను. బుష్నెల్ ఆ నమూనాను చూచి, తన పనిని ప్రక్కనబెట్టి, దానిని చంకనిడుకొని నౌకామంత్రియొద్దకును, తరువాత అధ్యక్షుడైన లింకనునొద్దకును పోయెను. లింకను దానియందు ఆసక్తి చూపెను. సంఘములో నొకడు గట్టిగా అడ్డుచెప్పుటచే పని నిలిచిపోగా, బుష్నెల్ ఎరిక్సన్‌ను బ్రతిమాలి వాషింగ్టనునకు పంపెను. మరల త్రొక్కనన్న గుమ్మమును ఎరిక్సన్ త్రొక్కెను. ఓడ తలక్రిందులు కాదని గణితముతో నిరూపించెను. 1861 అక్టోబరు 4 వ తేదీన ఒడంబడిక జరిగెను. వెల 2,75,000 డాలర్లు. గడువు నూఱు దినములు. నౌక పనికిరానిచో పుచ్చుకొనిన సొమ్మంతయు తిరిగి చెల్లింపవలెనని షరతు. అట్టి షరతునకు ఒప్పుకొనిన ఎరిక్సన్‌ది ధైర్యమో మొండితనమో చెప్పుట కష్టము. అతనియందు ఆ రెండును ఒక్కటే.

స్వీడన్ సరస్సులలో దుంగల తెప్పలు తుపానులో పోవుట అతడు చిన్ననాట చూచియుండెను. అలలు తెప్పమీదినుండి దొర్లిపోవుచుండగా, దానిపై ఎత్తుగా కట్టిన చిన్నగదిలోని మనుష్యునికి కుదుపు తెలియదు. పూర్వము భద్రాచలపు మన్నెమునుండి గోదావరిపై కలప తెప్పలను తెచ్చువారును ఇట్టి నీళ్లతోనే కాలము గడపిరి. ఎరిక్సన్ నౌక ఈ తెప్పయొక్క ఇనుపరూపమే. దాని పైతట్టు నీటిమట్టమునకు ఒకటిన్నర అడుగు మాత్రమే పైగా నుండెను. శత్రువు కొట్టుటకు ప్రక్కభాగమే కనబడదు. మనుష్యులు, యంత్రములు, వంటశాల, పడకగదులు అన్నియు నీటిక్రిందనే యుండెను. తట్టునడుమ ఇరువది అడుగుల వ్యాసము, తొమ్మిది అడుగుల ఎత్తుగల గుండ్రని బురుజు. దాని గోడ అంగుళము మందముగల ఇనుపరేకులు ఎనిమిది పొరలుగా బిగించినది. లోపల పదకొండంగుళముల నోరుగల రెండు ఫిరంగులు. ఆవిరియంత్రముతో బురుజు తిరుగుచుండుటచే ఓడను త్రిప్పకయే ఏ దిక్కునకైనను కాల్చవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది నీటిలో దాని దిగుదల: పదిన్నర అడుగులు మాత్రమే. ‘వర్జీనియా’కు సుమారు ఇరువదిరెండడుగుల నీరు కావలెను.

బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింటున అక్టోబరు 25 వ తేదీన పని మొదలయ్యెను. ఓడ ఒకచోట, యంత్రము లొకచోట, బురుజు వేఱొకచోట ఏకకాలమున తయారగుచుండెను. ఎరిక్సన్ నూఱుకు మించిన పటములను తానే గీసి, తడి ఆరకమునుపే కార్ఖానాలకు పంపుచు, పగలు పనివారి నడుమ తిరుగుచు, రాత్రి బల్లయొద్ద కూర్చుండుచు కాలము గడపెను. 1862 జనవరి 30 వ తేదీన, అనగా తొంబదియేడవ దినమున, నౌకను నీటిలోనికి వదలిరి. అది తిన్నగా మునిగిపోవునని అనేకులు వేడుక చూడ వచ్చిరి. ఎరిక్సన్ దాని పైతట్టుననే నిలిచియుండెను. నౌక తేలెను. ‘మానిటరు’ అను పేరు అతడు పెట్టినదే. హెచ్చరించువాడని దాని యర్థము. దక్షిణపు నాయకులకేగాక, వారియందు పక్షపాతము చూపుచున్న ఇంగ్లండునకు గూడ ఇది హెచ్చరిక కావలెనని అతని కోరిక.

మార్చి 6 వ తేదీన లెఫ్టినెంట్ వర్డెన్ ఆధీనమున నౌక న్యూయార్కునుండి బయలుదేరెను. మఱునాడు గాలివాన పట్టుకొనెను. బురుజు తన బరువుతోనే అడుగున అతుకుకొని నీరు చొరకుండ ఎరిక్సన్ ఏర్పాటు చేసియుండెను. నౌకాశాలవారు దానిని నమ్మక, బురుజును కొంచెము పైకెత్తి సందులో నారపీచు కూరిరి. అలలు ఆ పీచును కొట్టుకొనిపోగా నీరు జలజల క్రిందికి పడెను. గాలిని లోపలికి లాగు గొట్టములలో నీరు దిగి, చర్మపుపట్టాలు తడిసి జారి, విసనయంత్రములు నిలిచిపోయెను. గాలి లేక పొయ్యిలలోని మంటలు చల్లారెను. విషవాయువుచే యంత్రశాలలోనివారు స్మృతిదప్పి పడిపోగా, వారిని ఈడ్చుకొనివచ్చి బురుజుపై పరుండబెట్టిరి. నారపీచు తప్పు నౌకాశాలవారిదే. గాలిగొట్టములు పొట్టివగుట మాత్రము ఎరిక్సన్ లెక్కలోని లోపమే యని నా యభిప్రాయము. గుండునకు ఏమి కావలెనో సంపూర్ణముగా ఎఱిగినవాడు, క్రిందనున్న మనుష్యుని ఊపిరికి ఏమి కావలెనో అంత జాగ్రత్తగా ఆలోచింపలేదు.

మార్చి 8 వ తేదీ రాత్రి వారు హాంప్టన్ రోడ్సు అను నదీముఖమును చేరునప్పటికి ఆకాశము మంటలచే ఎఱ్ఱబారియుండెను. ఆ పగలు ‘వర్జీనియా’ వచ్చి, ‘కంబర్లాండు’ అను కొయ్యనౌకను తన ముక్కుతో పొడిచి ముంచి, ‘కాంగ్రెసు’ అను మఱియొక దానిని తగులబెట్టెను. రెండు వందలమందికి పైగా నావికులు మృతినొందిరి. మూడవదైన ‘మిన్నెసోటా’ ఇసుకమేటపై చిక్కుకొనియుండెను. దిగుదల హెచ్చగుటచే ‘వర్జీనియా’ ఆ మేటయొద్దకు పోలేక, తెల్లవాఱిన పిమ్మట పని ముగింపవచ్చునని మరలిపోయెను.

తెల్లవాఱగనే అది మరల వచ్చెను. ‘మిన్నెసోటా’ నీడనుండి తెప్పపై పెట్టిన డబ్బావంటి దొకటి ఎదురురాగా దక్షిణమువారు మొదట దాని నొక నౌకగానే గుర్తింపలేదు. ఉదయము ఎనిమిది గంటలు మొదలు మధ్యాహ్నమువఱకు రెండు ఇనుపనౌకలును ఒక్కొక్కప్పుడు ఒండొంటిని తాకునంత చేరువగా పోరాడెను. ఫ్రాన్సును ఇంగ్లండును అంతకుమునుపే ఇనుపకవచపు నౌకలు కట్టియుండినను, అట్టి రెండు నౌకలు ఎదురెదురుగా పోరాడుట ప్రపంచచరిత్రలో అదియే మొదటిసారి. ‘మానిటరు’ బురుజును తిరుగనారంభించిన పిమ్మట ఆపుట కష్టమయ్యెను. అందుచే తిరుగుచుండగనే శత్రువు కంటబడిన క్షణమున కాల్చిరి. గుండ్లు రెండు నౌకల కవచములపైని సొట్టలు పెట్టి ఎగిరిపోయెను. ‘వర్జీనియా’ కొయ్యనౌకలపై కాల్చు పగులుగుండ్లనే తెచ్చుకొనినది, గట్టిగుండ్లు తేలేదు. ‘మానిటరు’ ఫిరంగులకు పదునైదు పౌనుల మందుకంటె హెచ్చు వేయరాదని నౌకాశాఖ కట్టడి చేసియుండెను. కారణము, 1844 లో ‘ప్రిన్స్‌టన్’పై ప్రేలిన ఆ ఫిరంగి! అట్టివే ఫిరంగులు ముప్పది పౌనుల మందునకు ఓర్చుకొనునని తరువాతి పరీక్షలలో తేలినది. స్టాక్‌టన్ చేయించిన ఫిరంగియొక్క తప్పును ఎరిక్సన్ నౌక ఈ విధముగా అనుభవించెను.

చుక్కానిగది సందుయొద్ద గుండొకటి ప్రేలగా వర్డెన్ కన్నులకు దెబ్బ తగిలి చూపు పోయెను. తరువాత ఒక కంటికి మాత్రమే చూపు తిరిగివచ్చెను. అతనిని క్రిందికి దింపుచుండగా నౌక కొంతసేపు లోతులేని నీటిలోనికి తొలగెను. ‘వర్జీనియా’ అచ్చటికి పోజాలక, ఆటుపోటు తగ్గుచుండుటచే రేవునకు మరలెను. గెలుపు మాదన్న మాట ఇరుపక్షములును చెప్పుకొనెను. ‘మిన్నెసోటా’ మాత్రము దక్కెను. మే 10 వ తేదీన నార్‌ఫోకు ఉత్తరమువారి వశముకాగా, జేమ్సు నదిలోనికి పోయి దాగుటకు తగినంత నీరులేక, ‘వర్జీనియా’ను దానివారే మందుపెట్టి పేల్చివేసిరి. ఆ మహానౌకను ముంచినది ఎవరి ఫిరంగియు కాదు, దాని దిగుదలయే.

ఆ మే నెలలోనే ‘మానిటరు’ జేమ్సు నదిలో లంగరువేసి యుండగా, సయా కార్టరు అను నీగ్రో బానిసయువకుడు యజమాని తోటనుండి తప్పించుకొని చిన్నపడవలో వచ్చి శరణుజొచ్చెను. అతనిని నావికులలో నొకనిగా చేర్చుకొనిరి. లెక్కలచే కట్టబడిన ఆ ఇనుపతెప్ప ఒక మనుష్యునికి స్వేచ్ఛాభూమి యయ్యెను.

డిసెంబరు చివర నౌకను దక్షిణపు తీరమునకు నడిసముద్రముమీదుగా మఱియొక ఓడచే లాగించుకొనిపోయిరి. హటెరాస్ అగ్రముయొద్ద తుపాను పట్టుకొనెను. నీరు నిండి, పొయ్యిలారి, 31 వ తేదీ తెల్లవాఱుజామున ‘మానిటరు’ మునిగిపోయెను. పదునాఱుగురు మరణించిరి. కార్టరు బ్రదికినవారిలో నుండెను. అప్పటికే అట్టి నౌకలు మఱికొన్ని ఎరిక్సన్ పటములనుబట్టి తయారగుచుండెను. 1863 ఏప్రిలులో అవి చార్లెస్టన్ కోటలను ఎదుర్కొని ఓడిపోయెను. రెండు ఫిరంగులు ఆగి ఆగి కాల్చు నౌక మఱియొక నౌకతో పోరాడగలదు గాని, వందకొలది ఫిరంగులుగల కోటతో పోరాడలేదు. ఈ సంగతి తాను ముందే చెప్పితినని ఎరిక్సన్ వాదించెను. అతడు తన నౌకలపై ఏ నిందను ఎన్నడును సహింపలేదు.

‘మానిటరు’ అను పేరు ఒక నౌకాజాతికే పేరయ్యెను. స్వీడన్ దేశము అట్టి నౌకను కట్టి దానికి ఎరిక్సన్ పేరే పెట్టగా, అతడు దానికి రెండు ఫిరంగులను కానుకగా పంపెను. మన దేశమునకును ఇట్టివి వచ్చెను. బొంబాయి రేవును కాపాడుటకై 1870 లో ఇంగ్లండున నీటిలోనికి దింపబడిన ‘మాగ్డలా’, ‘అబిసీనియా’ అను బురుజునౌకలు ఈ వంశములోనివే. 1869 లో ఎరిక్సన్ స్పెయిను ప్రభుత్వమునకు ముప్పది చిన్న తీరనౌకలను ఏర్పఱచి యిచ్చెను. అవి క్యూబా ద్వీపపు తీరమును కాచుటకు, అనగా స్వాతంత్ర్యముకొఱకు తిరుగబడిన ఆ ద్వీపవాసులకు వెలుపలినుండి సహాయము రాకుండ చేయుటకు కావలసినవి. బానిసత్వముపై పోరాడిన ఓడను కట్టిన చేయియే ఈ ఓడలనుగూడ కట్టెను. దీనిని దాచుట చరిత్ర వ్రాయువానికి తగదు.

తీరమునకు ఎట్టి ఓడ కావలెనను చిక్కు ఎరిక్సన్‌తో ముగియలేదు. అమెరికా నౌకాదళము తీరయుద్ధమునకే ఉద్దేశించి కట్టించిన వేగనౌకలలో మొదటిదైన ‘ఫ్రీడమ్’ 2008 లోను, తరువాతిదైన ‘ఇండిపెండెన్సు’ 2010 లోను సేవలో చేరి, రెండును 2021 లోనే సేవనుండి తొలగింపబడినవి. విశాఖపట్టణమున చేరిన ‘అర్నాలా’కు ఎరిక్సన్ మరరెక్కలే లేవు, నీటిని లోనికి పీల్చి వెనుకకు చిమ్ము యంత్రములతో అది నడచును.

ఎరిక్సన్ చివరి సంవత్సరములు న్యూయార్కులో బీచి వీథిలోని ఇంట ఒంటరిగా గడచెను. అన్నయైన నిల్స్ స్వదేశముననే యుండి, కాలువలను, ప్రభుత్వపు రైలుమార్గములను నిర్మించి గొప్పవాడై 1870 లో మరణించెను. స్వీడన్ విడిచిన తమ్ముడు ప్రాణముతో మరల ఆ భూమిని చూడలేదు. పటములబల్ల, వ్యాయామము, మితాహారము, మరల పటములబల్ల. నీటిక్రింద కాల్చు ఫిరంగితో ‘డిస్ట్రాయరు’ అను ఓడను కట్టి తన సొమ్మునే దానిపై వెచ్చించెను. బొగ్గుగనులు ఒకనాటికి తఱిగిపోవునని యెంచి, అద్దములతో సూర్యకిరణములను చేర్చి యంత్రములను నడపుటకు సంవత్సరములతరబడి ప్రయోగములు చేసెను. దానిని విని నవ్విన కాలము గడచి, ఇపుడు మన యూళ్ల మేడలపైననే సూర్యుని వెలుగుతో విద్యుత్తు పుట్టించు పలకలు కనబడుచున్నవి.

1889 మార్చి 8 వ తేదీన ఎరిక్సన్ మరణించెను. ‘మానిటరు’ హాంప్టన్ రోడ్సు చేరిన రాత్రికి అది ఇరువదియేడవ వార్షిక దినము. మఱుసటి యేట అమెరికా ప్రభుత్వము అతని దేహమును ‘బాల్టిమోరు’ అను యుద్ధనౌకపై స్వీడన్‌కు గౌరవముతో పంపెను. ఆ నౌక ప్రొపెల్లరులచే నడచునది. వెర్మ్‌లాండులో, అతడు పుట్టిన గనులకు దగ్గఱనున్న ఫిలిప్‌స్టాడ్ అను పట్టణమున అతనిని సమాధిచేసిరి.

అతని నౌక 1973 లో హటెరాస్ చెంత సుమారు 230 అడుగుల లోతున తలక్రిందులుగా పడియుండగా కనుగొనబడెను. 2002 లో బురుజును పైకి తీసిరి. అందులో ఇరువురు నావికుల యెముకలు దొరకెను. ఎన్ని పరీక్షలు చేసినను వారి పేర్లు తేలలేదు. 2013 మార్చి 8 వ తేదీన వారిని వాషింగ్టను చెంతనున్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానమున పాతిపెట్టిరి. ఫిరంగుల సొట్టలతోనున్న బురుజు వర్జీనియా రాష్ట్రములోని న్యూపోర్టు న్యూసు నగరపు నావికాప్రదర్శనశాలలో, తుప్పు విడుచుటకై మందునీటి తొట్టిలో ఉంచబడెను.